ఆధార్‌ని ఏదో సైట్‌కి ఎక్కించకుండా పీడీఎఫ్‌లు కలపడం ఎలా? ఫోన్‌లోనే క్యూపీడీఎఫ్

జాబ్‌లో జాయిన్ అయ్యే ముందు రోజు హెచ్‌ఆర్ నుంచి మెయిల్. 8 సెమిస్టర్ల మెమోలు, పాన్, ఆధార్ అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా రాత్రి 12 లోపు అప్‌లోడ్ చేయాలట. గూగుల్‌లో 'మెర్జ్ పీడీఎఫ్' అని కొట్టి, పైన కనపడ్డ ఫ్రీ సైట్‌లో పది ఫైళ్లూ ఎక్కించేశా. అన్నీ ఎక్కాక తీరిగ్గా చెప్పింది: "ఈరోజు ఫ్రీ లిమిట్ అయిపోయింది, ప్రీమియం తీసుకోండి." డబ్బుల సంగతి పక్కన పెట్టండి, నా ఆధార్ అప్పటికే వాళ్ల సర్వర్‌లో ఉంది. కొద్దిసేపట్లో డిలీట్ చేస్తామని కింద చిన్నక్షరాల్లో రాసుంది. చేశారో లేదో చూసుకునే దారి మాత్రం నాకు లేదు.

అసలు పీడీఎఫ్‌లు కలపడానికి ఇంటర్నెట్టే అక్కర్లేదు. క్యూపీడీఎఫ్ అని ఒక ఓపెన్ సోర్స్ కమాండ్ లైన్ టూల్ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో పనిచేస్తుంది. మన సైట్ చదివేవాళ్లకి ఇంకో మంచి విషయం, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే అందులోనూ నడుస్తుంది.

ఇన్‌స్టాలేషన్ రెండు నిమిషాల పని. టెర్మక్స్‌ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ గిట్‌హబ్ నుంచి గానీ వేసుకోండి. ఓపెన్ చేసి ఈ మూడూ వరసగా కొట్టండి (ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో):

పీకేజీ అప్‌డేట్
పీకేజీ ఇన్‌స్టాల్ క్యూపీడీఎఫ్
టెర్మక్స్-సెటప్-స్టోరేజ్

మూడోది ఫోన్ స్టోరేజ్‌కి పర్మిషన్ అడుగుతుంది. ఇచ్చాక మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ టెర్మక్స్‌లో 'స్టోరేజ్' కింద కనిపిస్తుంది. ఇక మెమోలు ఉన్న ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్లి:

క్యూపీడీఎఫ్ --ఎంప్టీ --పేజెస్ *.పీడీఎఫ్ -- ../అన్నీ.పీడీఎఫ్

ఎంప్టీ అంటే 'ఖాళీ పీడీఎఫ్‌తో మొదలుపెట్టు' అని. పేజెస్ తర్వాత వచ్చేవన్నీ అందులో వేయాల్సిన ఫైళ్లు. ఆ తర్వాత ఒంటరిగా ఉన్న రెండు గీతలు 'ఫైళ్ల లిస్టు ఇక్కడితో అయిపోయింది' అని చెప్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే, ఎర్రర్ కూడా దీని వల్లే వస్తుంది. ఔట్‌పుట్‌ని పై ఫోల్డర్‌లో ఎందుకు పెట్టానంటే, అదే ఫోల్డర్‌లో ఉంటే రెండోసారి రన్ చేసినప్పుడు ఆ స్టార్ పాత ఔట్‌పుట్‌ని కూడా లోపలికి లాగేస్తుంది.

స్టార్ ఫైళ్లని పేరు వరసలో తీసుకుంటుంది. మనం ఎలాగూ సెమిస్టర్లని వన్ వన్, వన్ టూ అని పిలుస్తాం కాబట్టి 1-1 నుంచి 4-2 దాకా పేర్లు పెడితే ఆర్డర్ దానంతటదే కుదురుతుంది. అదే బ్యాంక్ స్టేట్‌మెంట్లకి ఇంగ్లిష్‌లో నెలల పేర్లు పెట్టారనుకోండి, ఏప్రిల్ తర్వాత ఆగస్టు వచ్చి కూర్చుంటుంది. 01, 02 అని నంబర్లు పెట్టుకోవడం మేలు.

ఎంటర్ కొట్టగానే పని అయిపోతుంది. నాకు మొదట నమ్మకం కుదరక ఫైల్ తెరిచి చూసుకున్నా. ఇంత ఫాస్ట్‌గా ఎలా అంటే, పీడీఎఫ్ అనేది ఫొటో లాంటిది కాదు, చిన్న డేటాబేస్ లాంటిది. లోపల పేజీ, ఫాంట్, బొమ్మ ఇలా ప్రతిదీ నంబర్ వేసిన ఒక ఆబ్జెక్ట్. ఏ ఆబ్జెక్ట్ ఫైల్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా చివర్లో ఉంటుంది. అందుకే పీడీఎఫ్ రీడర్లు ఫైల్‌ని ముందు తోక వైపు నుంచి చూస్తాయి. క్యూపీడీఎఫ్ పేజీలని మళ్లీ గీయదు. ఆబ్జెక్ట్‌లని తీసుకుని, కొత్త నంబర్లు వేసి, కొత్త పట్టిక రాస్తుంది, అంతే. కాబట్టి క్వాలిటీ తగ్గదు, తెలుగు అక్షరాలు విరిగిపోవు.

ఇప్పుడు పాస్‌వర్డ్ సంగతి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి 4 అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. మీ పేరు, వయసు తెలిసిన ఎవరైనా ఊహించగలరు, కాబట్టి 'లాక్ ఉంది కదా' అని ఎక్కడపడితే అక్కడ ఎక్కించకండి. క్యూపీడీఎఫ్‌లో డిక్రిప్ట్ ఆప్షన్‌తో పాత పాస్‌వర్డ్ ఇచ్చి లాక్ తీసేయొచ్చు, ఎన్‌క్రిప్ట్ ఆప్షన్‌లో 256 అని ఇచ్చి మీ సొంత పాస్‌వర్డ్‌తో ఏఈఎస్ లాక్ వేయొచ్చు. మర్చిపోయిన పాస్‌వర్డ్‌ని మాత్రం ఇది కనిపెట్టదు, ఇది క్రాకింగ్ టూల్ కాదు. ఇంకోటి, కమాండ్‌లో టైప్ చేసిన పాస్‌వర్డ్ టెర్మినల్ హిస్టరీలో ఉండిపోతుంది. పై బాణం నొక్కితే మళ్లీ కనిపిస్తుంది. లాక్ తీసేటప్పుడు పాస్‌వర్డ్‌ని చిన్న టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి, పాస్‌వర్డ్-ఫైల్ ఆప్షన్ వాడి, తర్వాత ఆ ఫైల్ డిలీట్ చేసేయండి.

నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తా. ఈ-ఆధార్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం ఫైల్‌లోని బైట్ల మీద వేసిన ముద్ర. లాక్ తీసినా, వేరే ఫైల్‌తో కలిపినా ఫైల్ మొత్తం కొత్తగా రాయబడుతుంది కాబట్టి ముద్ర చెల్లదు. చూడటానికి పేజీ అచ్చం అలాగే ఉంటుంది, వెరిఫై చేస్తే మాత్రం ఫెయిల్. నేను మా నాన్నగారి ఆధార్ ఒరిజినల్‌ని డిలీట్ చేసి, లాక్ తీసిన కాపీ ఒక్కటే ఉంచా. తర్వాత ఒక చోట సంతకం చెక్ చేసి రిజెక్ట్ చేశారు. ఓటీపీ వచ్చే ఫోనేమో ఊళ్లో నాన్న దగ్గర, నాన్నేమో పొలంలో. సాయంత్రం దాకా వెయిట్ చేసి మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సి వచ్చింది. సంతకం ఉన్న ఒరిజినల్‌ని ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో దాచుకోండి.

క్యూపీడీఎఫ్ చేయలేని పనులూ ఉన్నాయి. '200 కేబీ లోపు ఉండాలి' అనే అప్లికేషన్లకి ఇది పెద్దగా పనికిరాదు. స్కాన్ చేసిన మెమోలో బరువంతా ఫొటోది, దాన్ని బాగా తగ్గించాలంటే ఘోస్ట్‌స్క్రిప్ట్ వాడాలి. అదీ టెర్మక్స్‌లో ఉంది. అందులో 'స్క్రీన్' సెట్టింగ్ బొమ్మలని 72 డీపీఐకి, 'ఈబుక్' 150కి దించుతాయి. ముందు ఈబుక్ ట్రై చేయండి, 72 దగ్గర మార్కులు చదవలేకపోవచ్చు.

అలాగే ఆధార్ నంబర్ మీద నల్ల డబ్బా గీసి పంపేవాళ్లు ఒకసారి ఆగండి. చాలా ఎడిటర్లలో ఆ డబ్బా ఇంకో ఆబ్జెక్ట్ మాత్రమే, కింద నంబర్ అలాగే ఉంటుంది. క్యూపీడీఎఫ్‌తో ఫైల్‌ని తిరగరాసినా అది పోదు. చూసుకోవాలంటే పాప్లర్ ప్యాకేజీలో వచ్చే పీడీఎఫ్‌టుటెక్స్ట్‌ని ఆ ఫైల్ మీద నడపండి. 12 అంకెలు బయటికొస్తే అవతలివాళ్లకీ వస్తాయన్నమాట. అలాంటప్పుడు ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఫొటో మీద నంబర్ చెరిపి, ఆ ఫొటోని పీడీఎఫ్ చేసి పంపండి.