ఒక జాతి రెండు జాతులుగా ఎలా మారుతుంది?

ఆల్సేషియన్ కుక్కను, మన వీధికుక్కను పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఎత్తులో, బొచ్చులో, చెవులలో ఎంత తేడా! అయినా అవి రెండూ ఒకే జాతి అంటుంది జీవశాస్త్రం. గుర్రం, గాడిద చూడడానికి అంతకంటే దగ్గరగా ఉంటాయి. వాటిని మాత్రం రెండు వేర్వేరు జాతులంటుంది. ఎందుకని?

ఇక్కడ చూడవలసింది సంతానాన్ని. ఆ రెండు కుక్కలకు పుట్టిన పిల్లలు పెరిగి, తిరిగి పిల్లలను కంటాయి. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచర గాడిద బరువులు బాగా మోస్తుంది. కాని దానికి సంతానం కలగడం బహు అరుదు. గుర్రం కణంలో 64 క్రోమోజోములు, గాడిద కణంలో 62 ఉంటాయి. కంచర గాడిదకు 63 వస్తాయి. బీజకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతలుగా చేరాలి గదా! ఇక్కడ అవి సరిగా జతపడవు. అందువల్ల గుర్రపు లక్షణాలు గాడిదలలోకి చేరే దారి కంచర గాడిదతోనే ఆగిపోతుంది. రెండు సమూహాల మధ్య ఈ దారి మూసుకుపోవడాన్నే ‘ప్రత్యుత్పత్తి వివిక్తత’ అంటారు.

మరి, ఒకప్పుడు కలిసి సంతానం కన్న జీవుల మధ్య ఈ దారి ఎలా మూసుకుపోతుంది?

ప్రపంచ పటంలో ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే సన్నని భూభాగాన్ని గుర్తించండి. అదే పనామా. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. సముద్రపు అడుగు క్రమంగా పైకి లేచి, సుమారు 30 లక్షల సంవత్సరాల క్రితం రెండు సముద్రాల మధ్య నేల గోడలా నిలిచింది. అక్కడ ఆల్ఫియస్ అనే రొయ్యలున్నాయి. కత్తెరలాంటి పెద్ద కాలితో ఇవి టప్‌మని శబ్దం చేస్తాయి. గోడ లేచాక కొన్ని పసిఫిక్ వైపు, కొన్ని కరేబియన్ వైపు ఉండిపోయాయి.

తరతరానికీ జీవులలో చిన్న చిన్న మార్పులు వస్తూనే ఉంటాయి. రెండు వైపులవారూ కలుస్తున్నంత కాలం ఒకరి మార్పు రెండోవారికి పంచబడుతుంది. కలయిక ఆగితే ఎవరి మార్పులు వారి దగ్గరే పోగుపడతాయి. నాన్సీ నోల్టన్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఇరువైపుల రొయ్యలను ఒకే తొట్టిలో ఉంచి చూశారు. 1993లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఎక్కువ జంటలు కలవడానికి బదులు దెబ్బలాటకు దిగాయి. సంతానానికి పనికివచ్చే గుడ్లు పెట్టినవి నూటికి ఒక్క జంట మాత్రమే!

“లక్షల ఏళ్ళ మాట ఎవరు చూశారండీ? మన కళ్ళ ముందు ఇలాంటిది జరుగుతుందా?” అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు ఒక చిన్న ఈగ చెబుతుంది.

ఉత్తర అమెరికాలో హాథార్న్ అనే చెట్టుకు చిన్న ఎర్రని పండ్లు కాస్తాయి. ఈ ఈగ ఆ పండులో గుడ్లు పెడుతుంది. పురుగులు పండును తిని, పండు రాలాక మట్టిలో దూరి చలికాలం గడుపుతాయి. మరుసటి వేసవికి ఈగలై బయటికి వస్తాయి. ఆ ఖండానికి ఐరోపావారు 17వ శతాబ్దంలో ఆపిల్ చెట్లను తీసుకువెళ్ళారు. 1860 దశకంలో ఈ ఈగ ఆపిల్ పండ్లను కూడా పాడుచేయడం రైతులు గమనించారు. బెంజమిన్ వాల్ష్ అనే కీటక శాస్త్రజ్ఞుడు అప్పుడే, ఇలా ఆహారం మారడం వల్ల కొత్త జాతి ఏర్పడవచ్చునని ఊహించాడు.

ఈ రెండు చెట్ల మధ్య పర్వతం లేదు, సముద్రమూ లేదు. ఒకే ఊరిలో రెండూ ఉంటాయి. అయితే ఆపిల్ మూడు నాలుగు వారాలు ముందుగా పండుతుంది. పెరిగిన ఈగ బతికేది సుమారు ఒక నెల. పైగా ఈ ఈగలు జతకట్టేది తమకు అలవాటైన పండు మీదనే. ఆ పండును వాసనతో వెతుక్కుంటాయి. కాబట్టి ఆపిల్ ఈగకు ఎక్కువగా ఆపిల్ ఈగే జత దొరుకుతుంది. ఇక్కడ గోడ కట్టింది కాలం!

ఈ గోడ ఇంకా పూర్తికాలేదు. తరానికి 4 నుంచి 6 శాతం వరకు రెండు రకాలూ కలుస్తూనే ఉన్నాయి. ఆ కలయికకు పుట్టిన ఈగలు సంతానం కనగలవు. కాని వాటిలో చాలావాటికి ఆపిల్ వాసనా, హాథార్న్ వాసనా రెండూ సరిగా పట్టవు. పండు దొరకని ఈగకు జత దొరకడమూ కష్టమే. అంతేకాదు, ఈ ఈగ పురుగులలో గుడ్లుపెట్టి బతికే ఒక చిన్న కందిరీగ కూడా ఈగల వెంటే రెండు రకాలుగా విడిపోతున్నదని 2009లో తెలిసింది.

ఇవి రెండు జాతులా? ఇంకా కాదు. ఒకటే అనడానికీ మనసొప్పదు. గుర్రం, గాడిదల మధ్య దారి మూసుకుపోవడం ఎవరూ చూడలేదు. ఈగల మధ్య అది మూసుకుపోతుండగా మనం చూస్తున్నాం. గుర్తుంచుకోండి: ఏ ఒక్క ఈగా కొత్త జాతిగా మారిపోదు. మారేది తరతరాలుగా సాగే సమూహం.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఆపిల్, హాథార్న్ ఒకే వారంలో పండుతూ ఉంటే ఈ ఈగల కథ ఎలా ఉండేది? మిత్రులతో చర్చించి చూడండి.