పాతకాలపు రివాల్వర్... కొత్త సరదా!

రివాల్వర్ అనగానే మీకేం గుర్తొస్తుంది? సినిమాలో విలన్! నాకూ అంతే. పెళ్లయి అమెరికా వచ్చి ఇక్కడే స్థిరపడ్డా, ఇన్నేళ్లలో తుపాకీ వంక కన్నెత్తి చూసినదాన్ని కాదు. పోయిన వేసవిలో మావారి బలవంతం మీద ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. పది నిమిషాలుండి వచ్చేద్దామనుకున్నదాన్ని, సాయంత్రం దాకా కదల్లేదు!

అక్కడ నాకు చూపించింది ఇప్పటి తుపాకీ కాదండీ. కోల్ట్ కంపెనీ 1850 నుంచి 1873 దాకా తయారుచేసిన 'నేవీ' రివాల్వర్‌కి నకలు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలవాళ్లూ వాడిన రకం. ఈ నకళ్లు ఎక్కువగా ఇటలీలో, బ్రెషియా ప్రాంతంలో తయారవుతాయి.

వంటింటి పనిలాగే!

దీనికి రెడీమేడ్ తూటాలుండవు. గదులన్నీ మనమే నింపుకోవాలి. ముందు కొలిచిన నల్లటి తుపాకిమందు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పొడి, మన చిచ్చుబుడ్లకు చుట్టమే! గదికి సుమారు 20 గ్రెయిన్లు, అంటే గ్రామున్నర కూడా ఉండదు. దానిపైన కొందరు కాస్త గోధుమరవ్వ పోస్తారు, ఖాళీ జాగా నిండడానికి. నవ్వకండి, నిజమే! ఆపైన గదికన్నా వెంట్రుకవాసి పెద్దదైన సీసపు గుండు పెట్టి మీటతో అదిమితే, అంచున సన్నటి సీసపు ఉంగరం ఊడివస్తుంది. అది వచ్చిందంటే గుండు బిగుతుగా కూర్చున్నట్టే. ఒక గది నిప్పు పక్క గదికి పాకకుండా పైన మైనం, కొవ్వు కలిపిన ముద్ద రాస్తారు. చివరగా వెనకవైపు చిన్న చిన్న టోపీలు. కొలతా, వరుసా తప్పకూడదు. ఇప్పటి పొగరాని మందు పొరపాటున కూడా పోయకూడదు, రివాల్వరే పేలిపోవచ్చు.

నా గుండె ఆగినంత పనైంది

కళ్లద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకుని మీట నొక్కాను. 'టిక్' మంది, పేలలేదు. ఏమైందోనని గొట్టం నావైపు తిప్పబోయాను. నేర్పే పెద్దాయన చటుక్కున నా చెయ్యి పట్టుకుని లక్ష్యం వైపే ఉంచేశారు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చట! కుక్కర్ విజిల్ రాలేదని మూత తీసి చూస్తామా? ఆ మాత్రం తోచలేదు నాకు. ఆ రోజు నేర్చుకున్న అసలు పాఠం అదే.

కాసేపాగి, కొత్త టోపీ పెట్టి మళ్లీ నొక్కాను. ఢాం! తెల్లటి పొగ, దీపావళి వాసన. పొగ విడిపోయాక చూస్తే అట్టముక్క అంచున చిల్లు! చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, చేతిలో ఏముందో గుర్తొచ్చి ఆగాను.

ఇంటికొచ్చాక అంట్లు తోమే పని కూడా ఉందండోయ్! ఈ మసి తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. అదేరోజు వేడి సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. సీసం ముట్టిన చేతుల్ని బాగా కడుక్కోనిదే ఏదీ తినకూడదు. మందూ, తుపాకీ పిల్లలకి అందకుండా తాళంలో ఉండాలి.

మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అందుకని మీరూ కొనండని చెప్పను. కానీ భయపడి వదిలేసిన పని ఏదో ఒకటి మీకూ ఉండే ఉంటుంది. తెలిసినవారి పక్కన నిలబడి, ఒక్కసారి పద్ధతిగా నేర్చుకుని చూడండి. భయం పోతుంది, జాగ్రత్త మిగులుతుంది. ఏమంటారు?