మాట రాకముందు చేతిసైగ



ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు ప్రాంతమున ఒక అంగన్‌వాడీలో ఒకపూట కూర్చుండి చూచితిని. మూడేండ్ల గోండు పిల్లవాడొకడు ‘ఏర్, ఏర్’ అని యేడ్చుచుండెను. టీచరమ్మకు గోండీ రాదు. ఆకలి యనుకొని బువ్వ పెట్టెను; వాడు త్రోసివేసెను. తుదకు ఆయా తన దోసిలి నోటికి చేర్చి చూపగా, వాడు ఏడుపు మాని తానును దోసిలి పట్టెను. గోండీలో ఏర్ అనగా నీరు.

ఆ దోసిలిని గూర్చియే నేడు చెప్పదలచితిని.

చెవులు చక్కగా వినవచ్చు బిడ్డలకును మాట రాకముందు సైగలు నేర్పు పద్ధతి అమెరికాలో 1980 తరువాత ప్రచారమునకు వచ్చెను. లిండా అక్రెడోలో అను విదుషి కూతురు పువ్వును చూచినపుడెల్ల వాసన చూచునట్లు ముక్కు ఎగబీల్చెడిదట. అది కనిపెట్టి ఆమె, సూసన్ గుడ్విన్ అను మరియొక విదుషియు కలిసి పరిశోధించి 1996లో గ్రంథము ప్రకటించిరి. మాట పలుకుటకు ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు ఒక్కసారి పొందిక పడవలెను. చేయి అంతకు ముందే వశమగును. తొమ్మిది పది నెలల బిడ్డ దండము పెట్టుట, చేయి యూపుట మన యిండ్లలో చూడనిదా? మన అవ్వలు ఈ విద్యను ఏ గ్రంథమును చదువకయే నేర్పుచున్నారు.

నీరు, బువ్వ, ఇంక, చాలు, నొప్పి: ఈ అయిదు సైగలు చాలును. సైగతోబాటు మాటను తప్పక పలుకవలెను. బడిలో నొకతీరు, ఇంట వేరొకతీరు చేసినచో బిడ్డ తికమకపడును. కావున అంగన్‌వాడీలో ఏ సైగ చేయుదురో అడిగి ఇంటను అదియే చేయుడు. ఇంటిభాష గోండీ యైనచో ఏర్, నీరు అను రెండు మాటలను ఒక్క సైగతోనే చెప్పవచ్చును. 1943లో హైమెన్డార్ఫ్ దొర మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ యేర్పరచినపుడును, చదువును ఇంటిభాషతోనే ప్రారంభించిరి.

‘సైగలు మరిగిన పిల్లవానికి మాట రాదు’ అని మా పెద్దవ్వ యనెడిది. ఆ భయము వలదు. ఇంగ్లాండులో నలుబదిమంది బిడ్డలను ఎనిమిదవ నెల మొదలు ఇరువదవ నెల వరకు పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. సైగలు నేర్చినవారికి మాట ఆలస్యము కాలేదు. ముందుగా వచ్చినదియు లేదు. తల్లులు మాత్రము బిడ్డ మాటలేక తెలుపు సూచనలను ఎక్కువగా కనిపెట్టసాగిరి. కావున సైగలచే బిడ్డ మహాపండితుడగునని చెప్పి పుస్తకములమ్ము వారిని నమ్మకుడు.

సైగ చేయుచున్నాడు గదా యని చెవిపరీక్ష మాత్రము మానరాదు. ఏడాది నిండినను పేరు పిలిచిన తిరిగి చూడని బిడ్డను, పదునెనిమిది నెలలకును ఒక్క మాట పలుకని బిడ్డను వెంటనే ప్రభుత్వాసుపత్రిలో చెవివైద్యునికి చూపవలెను. ‘వీని తాతకును ఆలస్యముగనే మాట వచ్చెను’ అని ఇంటివారు ఊరకుండుటచే, నేనెరిగిన యొక పాప చెవిటిదని ఆరేండ్లు వచ్చువరకు తెలియలేదు. అట్టి బిడ్డకు అయిదు సైగలు చాలవు. చెవిటివారి సైగభాష వ్యాకరణముగల సంపూర్ణ భాష. దానికై 2015లో ఢిల్లీలో ప్రత్యేక సంస్థయే యేర్పడినది. ఆ పాప ఆ భాషలో తన పేరు చెప్పుట నేర్చునప్పటికి ఏడేండ్లు నిండినవి.