బండి నిలబడితే ఎవరి నష్టం?

మా బావ లారీ డ్రైవరు. పోయిన నెల టవళ్ల బేళ్లు వేసుకుని షోలాపురం నుంచి హైదరాబాదు పోయాడు. మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి ఒక్క రాత్రిలో దాటాడు. కాని గోదాము ముందు ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. తాగడానికి నీళ్లు లేవు, దొడ్డికి పోను చోటు లేదు. తిరిగొచ్చి ఒకే మాట అన్నాడు: "బండి దొర్లితేనే పైస. నిలబడ్డదంటే నాకూ లేదు, ఓనరుకూ లేదు."

లారీల సంఘాలు ఢిల్లీకి పోయి ఏళ్ల తరబడి అడుగుతున్నదీ చాలామటుకు ఇదే. బండి ఎక్కువ తిరగాలి, ఎక్కువ సరుకు మోయాలి, దారిలో ఆగకూడదు. అడిగిన వాటిలో కొన్ని వచ్చాయి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2021 ఫిబ్రవరి నుంచి టోలు దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. గంటల తరబడి క్యూలు తగ్గాయి. ఇది మంచిదే, కాదనలేం.

ఇంకొకటి బరువు సంగతి. 2018 జులైలో కేంద్రం లారీల బరువు హద్దు పెంచింది. ఆరు చక్రాల బండి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, పది చక్రాల బండిది 25 నుంచి 28.5 టన్నులకు పోయింది. మన ఊరికి వచ్చే నూలు సంచులకు ఇది పనికొచ్చింది. మన టవళ్లకు మాత్రం అంతగా కాదు. టవళ్ల బేళ్లు బరువు హద్దు రాకముందే బాడీ నిండిపోతుంది. పైగా ఉన్న సరుకంతే ఉండి, మోసే శక్తి ఒక్కసారిగా పెరిగేసరికి, ఒక్క బండిని నమ్ముకున్న చిన్న ఓనరుకు లోడు దొరకడం కష్టమైంది. ఆ నెలలోనే డీజిల్ ధర, టోలు, ఇన్సూరెన్సు మీద దేశమంతా లారీల సమ్మె వారానికి పైగా నడిచింది.

సంఘాల జాబితాలో ఓనరు ఖర్చులు పైన ఉంటాయి, డ్రైవరు కష్టం ఎక్కడో కింద ఉంటుంది. అయితే డ్రైవర్లే కదిలితే ఏమవుతుందో 2024 జనవరిలో చూశాం. కొత్త చట్టంలో, ప్రమాదం చేసి చెప్పకుండా పోతే పదేళ్ల దాకా జైలని ఉంది. డ్రైవర్లు స్టీరింగు వదిలేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. లారీల సంఘంతో మాట్లాడాకే అమలు చేస్తామని రెండో రోజే కేంద్రం చెప్పింది. ఆ ఏడాది జులై 1న చట్టం అమలైనప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లో ఏసీ ఉండాలన్నది కూడా డ్రైవరుకు మేలే. పాత బండి తోలే మా బావకు మాత్రం ఆ చల్లదనం అందదు.

రోజుకు 8 గంటల పని అని 1961 నాటి మోటారు కార్మికుల చట్టం 2025 దాకా చెబుతూ వచ్చింది. గోదాము ముందు కాచిన గంటలు ఎవరి లెక్కలో రాయాలి? అందుకే మన సంఘాలు ఇకనుంచి ఇవి కూడా అడగాలంటాను. బిల్టీ మీద బండి చేరిన టైము రాయాలి. ఇన్ని గంటలు దాటితే హాల్టింగు డబ్బు ఇవ్వాలి, అందులో డ్రైవరుకు వాటా ఉండాలి. గోదాము గేటు దగ్గర నీళ్లు, పాయిఖానా ఉండాలి.

ఇది జరగని పని కాదు. హమాలీలను కూడా ఒకప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లు సంఘం కట్టి పోరాడితే 1969లో మహారాష్ట్రలోనే మాథాడీ చట్టం వచ్చింది. బోర్డులో పేరు ఎక్కింది, కూలీకి, పీఎఫ్‌కు లెక్క వచ్చింది.

మన వీధుల్లో మగ్గం ఆగిన ఇళ్ల పిల్లలు ఎందరో ఇప్పుడు లారీ ఎక్కారు. ఈసారి ఢిల్లీకి పోయే అర్జీలో వాళ్లు కాచిన గంటలు కూడా రాయించండి. బండి వేగంగా తిరిగితే ఓనరుకే కాదు, మా బావ కూడా ఒక రాత్రి ముందుగా ఇంటికొస్తాడు. మా అక్క అడిగేది అదే.