బొగ్గు దృశ్యం, పల్లె ధ్వని: ‘ధూం ధాం దోస్తాన్’ పాట - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సింగరేణి బొగ్గుగనుల ప్రాంతం నేపథ్యంగా 2023లో వచ్చిన ‘దసరా’ చలనచిత్రం నుంచి ముందుగా విడుదలైన పాట ‘ధూం ధాం దోస్తాన్’. ఈ పాట వీడియోలో బొగ్గు ప్రధాన దృశ్యం కాగా, సంగీతంలో పల్లె దరువు ప్రధాన ధ్వని. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని గోదావరిఖని శ్రమచరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పారిశ్రామిక నగరంలో పుట్టిన హెవీ మెటల్ సంగీతాన్ని పోలిక కోసం స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, హెవీ మెటల్, డప్పు, ధూం ధాం, శ్రమధ్వని.

1. ఉపోద్ఘాతం

గోదావరిఖని పేరులోనే గని ఉంది. 1960ల నుంచి ఇక్కడ విస్తరించిన బొగ్గు తవ్వకం వల్ల రామగుండం పరిసరాలు కార్మిక నగరంగా మారాయి. 1871లో ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించడంతో మొదలైన చరిత్రకు ఇది కొనసాగింపు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నాయి.

ఈ ప్రాంత జీవితం తెలుగు కథలోనూ నవలలోనూ విస్తారంగా నమోదైంది. అల్లం రాజయ్య, పి.చంద్ వంటి రచయితల కృషి ఇందుకు నిదర్శనం. జనబాహుళ్య సంగీతంలో ఈ ప్రాంతం ఎలా వినిపించింది, ఎలా కనిపించింది అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. శ్రీకాంత్ ఓదెల దర్శకత్వం వహించగా, నాని, కీర్తి సురేష్ నటించిన ‘దసరా’ 2023 మార్చి 30న విడుదలైంది. అంతకు ఆరు నెలల ముందే, 2022 అక్టోబరు 3న, విజయదశమి సందర్భంగా ‘ధూం ధాం దోస్తాన్’ లిరికల్ వీడియోగా ఐదు భాషల్లో వెలువడింది. సినిమా నుంచి విడిగా, ముందుగా వచ్చే ఇలాంటి పాటను సంగీత పరిశ్రమ ‘సింగిల్’ అంటుంది. సినిమా చూడని శ్రోతకు బొగ్గుగనుల ప్రాంతాన్ని పరిచయం చేసే బాధ్యత ఆరు నెలలపాటు ఈ పాటదే అయింది. కనుక దీనిని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది.

2. శ్రమ నుంచి ధ్వని: ఒక పోలిక

పరిశ్రమ ఒక సంగీతరీతికి ఎలా రూపమిస్తుందో తెలుసుకోవడానికి హెవీ మెటల్ మంచి ఉదాహరణ. ఈ సంగీతానికి ఆద్యులుగా విమర్శకులు పేర్కొనే ‘బ్లాక్ సబ్బాత్’ బృందం 1968లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఏర్పడింది. ఆ నగరం లోహ పరిశ్రమలకు పేరుపొందింది. బృందంలోని గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతడు ఎడమచేతి వాటం వాడు. కాబట్టి తీగలను అదిమి స్వరాలు పలికించవలసింది ఆ గాయపడిన చేతితోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పలుచని తీగలు వాడాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లోని పలు పాటలకు తీగల బిగువును మూడు అర్ధస్వరాల మేరకు తగ్గించాడు. ఆ మంద్రమైన, బరువైన నాదం తరువాత ఈ సంగీతరీతికే గుర్తుగా నిలిచింది.

ఈ ఉదాహరణలో కర్మాగారం పాటకు ఇతివృత్తం కాలేదు. అది వాద్యం మోగే తీరులోకే ప్రవేశించింది. యంత్రం చేసిన గాయం నాదంగా మారింది. ఇదే ప్రశ్నను సింగరేణికి వేస్తే ఏమి తేలుతుంది? ఇక్కడి పాటలో బొగ్గు ఎక్కడుంది? మాటలో ఉందా, నాదంలో ఉందా, దృశ్యంలో మాత్రమే ఉందా?

3. భూగర్భంలో వినడమే పని

పొలంలో నాట్లు వేసేవారు, దంపుళ్లు దంచేవారు పనిలయకు పాటను జోడించారు. తెలుగు జానపద సాహిత్యంలోని శ్రామికగేయాలకు మూలం అదే. బొగ్గు బాయిలో పరిస్థితి భిన్నం. భూగర్భ గనిలో కార్మికుని ప్రాణం పైకప్పు మీద ఆధారపడి ఉంటుంది. పనికి ముందు ఇనుప కడ్డీతో కప్పును తట్టి చూడడం గనుల్లో స్థిరపడిన పరీక్ష. గట్టి రాయి ఖంగుమని మోగుతుంది. పొర విడిన రాయి బోలుగా, మందంగా పలుకుతుంది. ఆధారంగా నిలిపిన కర్రదుంగలపై బరువు పెరిగితే వాటి నుంచి వచ్చే చిటపట శబ్దమూ ఒక హెచ్చరికే. ఈ శబ్దాలను గుర్తించే చెవి అనుభవంతో అబ్బే విద్య.

అందువల్ల బాయి లోపలి ధ్వనిసంస్కృతి ప్రధానంగా వినికిడి సంస్కృతి. అక్కడ గొంతెత్తి పాడే బృందగేయానికి తావు తక్కువ. పాట ప్రమాదసూచనను కప్పివేసే అవకాశం ఉంది. అయితే ప్రమాదాలన్నీ చెవికి ముందే తెలిసేవి కావు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకురావడంతో 17 మంది కార్మికులు మరణించారు. గనికార్మికుని మౌనాన్ని, జాగరూకతను ఇటువంటి అనుభవాల నేపథ్యంలోనే అర్థం చేసుకోవలసి ఉంటుంది.

4. పాట పుట్టిన చోటు

లోపల తావు లేని పాట బయట పుట్టింది. కార్మికుల్లో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవారే. వారితోపాటు డప్పు, ఒగ్గుకథ, బతుకమ్మ కూడా కార్మికవాడలకు చేరాయి. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య, గని గేటు ముందరి సభల్లో, సమ్మె శిబిరాల్లో పాట వినిపించింది. 1981 నాటి 56 రోజుల సమ్మె, ఆ నేపథ్యంలో ఏర్పడిన సింగరేణి కార్మిక సమాఖ్య, జననాట్యమండలి ప్రదర్శనలు ఈ పాటకు రాజకీయ వేదికను సమకూర్చాయి.

ఈ పాటకు వాద్యం డప్పు. డప్పును నిప్పు సెగ చూపి బిగిస్తారు. చిర్ర, చిటికెన పుల్లలతో వాయిస్తారు. అయోమీ తీగను వదులు చేసి నాదాన్ని కిందికి దించితే, డప్పు కళాకారుడు చర్మాన్ని బిగించి నాదాన్ని పైకి తెస్తాడు. మొదటిది యంత్రశ్రమ ముద్ర పడిన నాదం. రెండవది యంత్రానికి ముందే ఉండి, గ్రామం నుంచి గనివాడకు నడిచివచ్చిన నాదం. సింగరేణి పాటలో బొగ్గు మాటలో వినిపిస్తుంది. నాదం మాత్రం పల్లెదిగానే మిగిలింది.

స్త్రీల స్థానం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి అనుమతించలేదు. 2019లో మాత్రమే షరతులతో ఆ నిషేధం సడలింది. గనివాడల పాటలో స్త్రీ గొంతు ఇంటి నుంచి, గుమ్మం నుంచి, ఎదురుచూపు నుంచి వచ్చినది కావడానికి ఇదొక కారణం.

5. ‘ధూం ధాం’: ఒక పదం ప్రయాణం

పాట శీర్షికలోని ‘ధూం ధాం’ అన్న మాటకు ఆడంబరం, సందడి అని సామాన్యార్థం. తెలంగాణలో దీనికి మరొక అర్థం చేరింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ‘ధూం ధాం’ ప్రదర్శనలు ఆట, పాట, మాటలను కలిపి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాన్ని ఊరూరా చేర్చాయి. 2011 సెప్టెంబరులో మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు విధులు బహిష్కరించడంతో బొగ్గు ఉత్పత్తి, తద్వారా విద్యుత్ సరఫరా దెబ్బతిన్నాయి. కాబట్టి గోదావరిఖని శ్రోతకు ‘ధూం ధాం’ అన్న మాట సామూహిక ఆకాంక్ష జ్ఞాపకం.

కాసర్ల శ్యామ్ రచనలో ఈ మాట ‘దోస్తాన్’ అన్న మాటతో జతకూడింది. ఉద్యమ సమూహం స్థానంలో స్నేహబృందం వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన తరువాతి దశాబ్దంలో ఉద్యమపదం వేడుకపదంగా మారడాన్ని పతనంగా భావించనవసరం లేదు. ఉద్యమం గెలిచిన చోట దాని మాట పండుగలోకి రావడం సహజమే. అయితే ఆ మాటలో సమ్మెచేసిన కార్మికుడు ఇంకా ఉన్నాడా అన్నది పరిశీలించవలసిన అంశం.

6. వినిపించేది, కనిపించేది

సంతోష్ నారాయణన్ సంగీతంలో తాళవాద్యాలదే ఆధిక్యం. తెలంగాణ వీధి ఊరేగింపుల దరువు దీనికి ఆధారం. రాహుల్ సిప్లిగంజ్ గొంతుతోపాటు పాలమూరు జంగిరెడ్డి, కనకవ్వ వంటి జానపద గాయకుల గొంతులను ఇందులో చేర్చడం గమనార్హం. నునుపు చేయని ఆ కంఠాల వల్ల పాటకు మట్టి గరుకుదనం అబ్బింది. పల్లె నాదమే గనివాడ నాదమన్న చారిత్రక సత్యానికి ఈ ఎంపిక అనుగుణంగా ఉంది. ఇది పాట సాధించిన విజయం.

దృశ్యం మరొక దారి పట్టింది. బొగ్గు కుప్పల నడుమ, నల్లని దుమ్ములో గుంపు నృత్యం సాగుతుంది. దుస్తులు, దేహాలు, నేల ఒకే రంగులో కలిసిపోతాయి. చరిత్రలో గని బయట పుట్టిన పాటను వీడియో బొగ్గు మీదికే తెచ్చి నిలిపింది. ఇక్కడ బొగ్గు పనివస్తువు కాదు, వేడుకకు రంగు. చిత్రకథలో నాయకుడు తన మిత్రులతో కలిసి రైలు నుంచి బొగ్గు దొంగిలించే యువకుడు. అంటే బొగ్గు తవ్వేవాడికంటే బొగ్గు అంచున బతికేవాడు కథకు కేంద్రమయ్యాడు. ఆ జీవితమూ ఈ ప్రాంతపు వాస్తవమే. కానీ షిఫ్టు, మస్టరు, కప్పు, కూలి వంటి శ్రమసూచకాలు దృశ్యానికి కేంద్రం కాలేదు.

ఈ మార్పు సినిమా ఒక్కదాని వల్ల వచ్చినది కాదు. 1990ల ప్రారంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి శాశ్వత కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు తగ్గింది. ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టు గనుల నుంచే వస్తున్నది. తవ్వకం నేలపైకి వచ్చింది, భారీ యంత్రాలు వచ్చాయి, ఒప్పంద కార్మికులు పెరిగారు. బొగ్గు అందరికీ కనిపించసాగింది, దానిని తవ్వే మనిషి కనుమరుగు కాసాగాడు. వీడియో ఈ స్థితిని విమర్శించలేదు, అయినా దానికి అద్దం పట్టింది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, సింగరేణి పాట నాదం గ్రామీణమైనది. బర్మింగ్‌హామ్ వలె ఇక్కడ పరిశ్రమ వాద్యనాదాన్ని మార్చలేదు. రెండు, ‘ధూం ధాం దోస్తాన్’ ఆ గ్రామీణ నాదాన్ని నిలబెట్టుకుంటూనే బొగ్గును శ్రమ నుంచి విడదీసి దృశ్యంగా మలచింది. మూడు, భూగర్భ కార్మికుని నిజమైన ధ్వనివారసత్వం పాటలో కంటే అతని వినికిడిలో ఉంది.

ఈ మూడవ అంశం పరిశోధకుల తక్షణ శ్రద్ధను కోరుతున్నది. కప్పు పలికే తీరును చెవితో చదివిన తరం ఉద్యోగ విరమణ పొందుతున్నది. ఏ శబ్దాన్ని ఏ మాటతో పిలిచారు, ఏ శబ్దం విన్నప్పుడు పని ఆపారు, ఆ విద్యను కొత్తవారికి ఎలా నేర్పారు అన్న విషయాలను వారి నోటనే రికార్డు చేయాలి. సింగరేణి పాటలను సేకరించిన తెలుగు పరిశోధన, ఆ పాటల వెనుక ఉన్న మౌనాన్ని కూడా సేకరించినప్పుడే బొగ్గుగనుల ప్రాంతపు ధ్వనిచరిత్ర సమగ్రమవుతుంది.