ఇంట్లో చదివే పిల్లలకు మ్యూజియం బడి అవుతుందా? ముక్తేశ్వరం నుంచి ధవళేశ్వరం దాకా ఒక రోజు

ఏటా జులై, ఆగస్టు నెలల్లో టీవీల్లో ఒక వార్త తిరుగుతూ ఉంటుంది: 'ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక'. ముక్తేశ్వరంలో ఉండే పిల్లలకు ఆ మాట బాగా తెలుసు. గోదారికి వరదొస్తే కోటిపల్లి రేవుకు పంటు ఆగిపోతుందని, లంకల్లో ఉన్న చుట్టాలు సామాన్లు సర్దుకుంటారని కూడా తెలుసు. కానీ ధవళేశ్వరంలో ఏముంది, రెండో హెచ్చరిక అంటే ఎంత నీరు, అక్కడి నీటికీ తమ ఇంటి పక్క కాలువకూ ఏమిటి సంబంధం అని అడిగితే చాలామంది పెద్దలే తడబడతారు.

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే కుటుంబాలు నగరాల్లో కనిపిస్తున్నాయి. ఊరికి తిరిగొచ్చి ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునేవారిలోనూ కొందరు ఈ ఆలోచన చేస్తున్నారు. వాళ్ల ప్రశ్నలు దాదాపు ఒక్కటే. ఇది చట్టప్రకారం చెల్లుతుందా? మ్యూజియాలకు తిప్పితే అది చదువు కింద లెక్కా? ఎక్కడికి తీసుకెళ్లాలి?

చట్టం ఏం చెబుతోంది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇది వర్తిస్తుంది. ఇందులో 'నిర్బంధ విద్య' అనే మాట చూసి తల్లిదండ్రులు కంగారు పడతారు. ఆ నిర్బంధం ప్రభుత్వం మీద. బడి, టీచరు, సీటు ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత అని సెక్షన్ 8 వివరిస్తుంది. అయితే పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని సెక్షన్ 10 కూడా ఉంది. చేర్చకపోతే జరిమానా, శిక్ష మాత్రం ఆ చట్టంలో లేవు. అంటే హోమ్‌స్కూలింగ్‌కు లైసెన్సు ఇచ్చే ఆఫీసు లేదు, దాన్ని నేరమన్న సెక్షనూ లేదు. ఈ మధ్యస్థ స్థితిని తెలిసి ఎంచుకోవాలి.

ఒక జాగ్రత్త. నాలుగు కుటుంబాలు కలిసి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లడం వేరు, ఒక ఇంట్లో రోజూ ఫీజు తీసుకుని క్లాసులు నడపడం వేరు. గుర్తింపు లేకుండా బడి నడిపితే సెక్షన్ 18 కింద లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు, ఆ తర్వాతా నడిపితే రోజుకు 10 వేల దాకా.

నష్టం కూడా చెప్పుకోవాలి. 'తల్లికి వందనం' లాంటి పథకాల డబ్బు బడిలో పేరు, హాజరు ఉన్న పిల్లలకే వస్తుంది. మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. ఇంటి చదువుకు ఇది నిజమైన ఖర్చు. నెల జీతం మీద బతికే ఇంట్లో దీన్ని ముందే లెక్క వేసుకోవాలి.

సర్టిఫికెట్ ఎలా?

మ్యూజియాలు ఎన్ని చూసినా మార్కుల కాగితం రాదు. అది ఓపెన్ స్కూల్ పరీక్షతోనే వస్తుంది. జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్, రాష్ట్రంలో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నాయి. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక్కో సబ్జెక్టు విడివిడిగా రాసుకోవచ్చు.

మధ్యలో మనసు మారితే? వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది. టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో సీటు నిరాకరించకూడదు. ఇక్కడే ట్రిప్పుల నోటుబుక్కు పనికొస్తుంది. తేదీ, చూసిన వస్తువు, పిల్ల రాసిన అరపేజీ, గీసిన బొమ్మ ఉంటే చాలు. ఏ ఆఫీసూ దాన్ని అడగదు. కానీ రెండేళ్ల తర్వాత బడిలో చేర్చేటప్పుడు 'ఇన్నాళ్లూ ఏం చదివావు?' అన్న ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఉండదు.

ముందు ఎక్కడికి?

హైదరాబాద్ సాలార్‌జంగ్‌కో, విశాఖ కురుసుర జలాంతర్గామికో కాదు. అవి తర్వాత చూడొచ్చు. కోనసీమ పిల్లలకు మొదటి మ్యూజియం ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియమే కావాలి. ఎందుకంటే అక్కడున్న ప్రశ్న వాళ్ల ఇంటి గుమ్మంలోనే మొదలవుతుంది.

వెళ్లే ముందు రోజు పిల్లల్ని దగ్గర్లోని కాలువ గట్టుకు తీసుకెళ్లండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయని అడగండి. మర్నాడు ఆ నీటికి ఎదురు ప్రయాణం చేయాలి. కొత్తపేట, రావులపాలెం మీదుగా ఆత్రేయపురం వైపు తిరిగితే లొల్ల లాకులు వస్తాయి. అక్కడ కాసేపు ఆగండి. ప్రధాన కాలువ కొమ్మలుగా విడిపోయేది ఇక్కడే. (పూతరేకులు తిరుగు ప్రయాణంలో కొనండి, లేకపోతే కారులోనే అయిపోతాయి.) ఇంకా పైకెళ్తే బొబ్బర్లంక. మధ్య డెల్టా కాలువకు నీరు గోదారి నుంచి మళ్లేది అక్కడే.

అక్కడి నుంచి బ్యారేజీ మీదుగా ధవళేశ్వరం చేరతారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీకి నాలుగు భాగాలు. వాటికి 70, 43, 23, 39 గేట్లు. కూడమని పిల్లలకే చెప్పండి, 175 వస్తుంది.

మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పాత ఫొటోలు, నిర్మాణంలో వాడిన యంత్రాలు ఉంటాయి. ఆర్థర్ కాటన్ 1803లో పుట్టి 1899లో పోయాడు. 1833 కరవు, 1839 ఉప్పెన తర్వాత ఈ జిల్లా చితికిపోయి ఉన్న కాలంలో ఇక్కడికి వచ్చిన ఇంజినీరు. 1847లో పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తర్వాత కట్టింది. మన ఊళ్లలో కాటన్ విగ్రహాలు చాలా ఉన్నాయి కాబట్టి పిల్లలు ఆయన్ను దేవుళ్ల జాబితాలో కలిపేస్తారు. కట్టించింది కంపెనీ ప్రభుత్వం అనీ, పంట పెరిగితే పన్నూ పెరుగుతుందన్న లెక్క దానికి ఉందనీ పదేళ్లు దాటిన పిల్లలకు చెప్పొచ్చు. రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎక్కడా ఎందుకు కనిపించవని వాళ్లే అడిగితే ఆ రోజు ట్రిప్పు ఫలించినట్టే.

అప్పుడు వరద హెచ్చరిక దగ్గరికి రండి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, సుమారు 28 లీటర్లు. 1986 ఆగస్టు వరదలో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు ఇక్కడి నుంచి వెళ్లాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. సెకనుకు ఎన్ని లీటర్లో గుణించమంటే ఆ పిల్ల ఇక టీవీ స్క్రోలింగ్‌ను మామూలుగా చూడదు.

ఒక రోజుకు ఒక మ్యూజియం చాలు. వచ్చాం కదా అని రాజమహేంద్రవరంలో ఇంకో రెండు కలిపితే మూడో దాంట్లో పిల్లలు ఫోనే చూస్తారు. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలోని శిల్పాలు, నాణేలు, 28 ఏళ్లకే మశూచితో పోయిన దామెర్ల రామారావు బొమ్మలున్న గ్యాలరీ మరో రోజుకు ఉంచండి.

ఇంకో దారి రేవు దాటి వెళ్లేది. కోటిపల్లి, ద్రాక్షారామం మీదుగా కాకినాడ వెళ్తే ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం ఉంది. పరిషత్తు 1911లో మద్రాసులో పుట్టి తర్వాత కాకినాడకు వచ్చింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు దాని పనే. అక్కడి తాళపత్రాలు చూపించి, ఇంటికొచ్చాక తాటాకు మీద మేకుతో పేరు రాయించి చూడండి. ఆకు చిరిగిపోతుంది. సున్నాలు చుట్టినట్టున్న మన అక్షరాల గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

టికెట్లు, సెలవులు

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. సాలార్‌జంగ్‌కు, అమరావతిలో ఉన్నటువంటి కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. కురుసురకు సోమవారం. మిగతావాటికి ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. పురావస్తు శాఖ చోట్ల 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, వయసు కోసం ఆధార్ కాపీ దగ్గర పెట్టుకోండి. బడి పిల్లలకిచ్చే రాయితీకి మామూలుగా హెడ్‌మాస్టర్ లేఖ అడుగుతారు. ఇంట్లో చదివే పిల్లలకు అది ఉండదు కాబట్టి మామూలు టికెట్‌కే సిద్ధపడండి. ఫొటోలకు కొన్నిచోట్ల అనుమతి ఉండదు, అందుకే పెన్సిలు తీసుకెళ్లండి.

వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, ఎదురు ప్రయాణంలో నీళ్లే కనిపించవు. వరద నెలల్లో పంటు నడవదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. కాకినాడ వెళ్లిన రోజు మాత్రం చివరి పంటు ఎన్నింటికో పొద్దున రేవు దాటేటప్పుడే అడిగి పెట్టుకోండి. అది తప్పితే ముక్తేశ్వరానికి చుట్టు తిరిగి రావాల్సిందే.