తోట వేసే ముందు... నీటి దారి చూడండి!

హోసూరు బాగలూరు రోడ్డులోనో, బెంగళూరు సర్జాపుర రోడ్డులోనో ఏ కొత్త లేఅవుట్ బ్రోచరు తిరగేసినా బొమ్మ ఒక్కటే. గేటు, గేటుకు అటూ ఇటూ వరసగా పామ్ చెట్లు, మధ్యలో తివాచీ పరిచినట్టు పచ్చిక, దాని నడుమ ఫౌంటెన్. చదరపు అడుగు ధర అడిగేవాళ్లుంటారు, కారు పార్కింగ్ ఎక్కడని అడిగేవాళ్లుంటారు. ఈ పచ్చికకు నీళ్లెక్కడివి అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. 2024 మార్చిలో ఆ ప్రశ్నకు జవాబు బెంగళూరు వాసులందరికీ ఒకేసారి దొరికింది.

తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి, ఫౌంటెన్లకు, కట్టడాలకు వాడకూడదని ఆ నెలలో బెంగళూరు జలమండలి ఉత్తర్వు ఇచ్చింది. తప్పితే 5 వేల రూపాయల జరిమానా. నగరంలోని దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం దాకా ఎండిపోయాయని రాష్ట్ర ప్రభుత్వమే అప్పట్లో చెప్పింది. మరుసటి ఏడాది, 2025 ఫిబ్రవరిలోనూ అదే ఆంక్ష. మధ్యలో 2024 అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలై శివారు గ్రామాలకు గొట్టాలైతే వచ్చాయి. కానీ వంద కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు తోడి తెచ్చే నీళ్లవి. వాటిని గడ్డికి పోస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు?

గడ్డి లెక్క ఇదీ...

ఎండాకాలంలో పచ్చిక పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు 4 నుంచి 5 లీటర్ల నీళ్లు పట్టాలి. ఓ మోస్తరు అపార్ట్‌మెంటులో 5 వేల చదరపు అడుగుల పచ్చిక ఉందనుకుందాం. తక్కువలో తక్కువ రోజుకు 1,860 లీటర్లు. నెలకు 55 వేల పైమాటే. అంటే 6 వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది! మనుషుల వాడకానికే ట్యాంకరు కోసం ఫోన్లు చేసుకునే నెలల్లో ఈ తొమ్మిది ఎవరి ఖాతాలో రాస్తారన్నదే సంఘం సమావేశాల్లో గొడవ.

ఇప్పుడు రెండో లెక్క. బెంగళూరులో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 970 మిల్లీమీటర్లు. 30×40 సైటు మీద, అంటే 1,200 చదరపు అడుగుల మీద, ఏడాదిలో పడే నీళ్లు దాదాపు లక్షా 8 వేల లీటర్లు. పద్దెనిమిది ట్యాంకర్లు ఆకాశం నుంచి ఉచితంగా దిగి, గేటు దాటి, మోరీలో కలిసి పోతున్నాయి. కొత్తగా కట్టే 30×40 ఇళ్లకు, అప్పటికే కట్టేసిన 40×60 ఇళ్లకు వాననీటి సేకరణ తప్పనిసరి చేస్తూ 2009లోనే చట్టం సవరించారు. చాలామంది మేడ మీది గొట్టాన్ని ఒక డ్రమ్ములోకి దించి పని అయిందనిపించుకున్నారు. తోట అనేదే పెద్ద డ్రమ్ము అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ల్యాండ్‌స్కేప్ గీసేవాళ్లలో పని తెలిసినవాళ్లు మొక్కల జాబితాతో మొదలుపెట్టరు. ముందు స్థలం చుట్టూ తిరుగుతారు. వాలు ఎటు ఉంది, మేడ మీది నీళ్లు ఏ మూలన దిగుతున్నాయి, పల్లం ఎక్కడ, పడమటి ఎండ ఏ గోడను కాలుస్తుంది అని చూస్తారు. మనవాళ్ల ఇళ్లలో ఇది కొత్త విద్యేమీ కాదు. వర్తూరు, సర్జాపుర, అత్తిబెలె, ఆనేకల్ చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాల పెరట్లో స్నానాల గది నీళ్లు ఎటు పోతే అటే అరటిపిలకలు, కరివేపాకు చెట్టు. కన్నడం వాళ్లు హిత్తలు అన్నా, మనం పెరడు అన్నా పద్ధతి ఒక్కటే. పొలాలు సైట్లయ్యాక పెరడు పోయి ల్యాండ్‌స్కేప్ వచ్చింది, అంతే తేడా.

వడ్డెర్ల బావి

నీటి దారి తెలిశాక ఆ దారిలో ఒక గుంత ఉండాలి. ఇక్కడే మనవాళ్ల గురించి చెప్పుకోవాలి. బెంగళూరులో తరాలుగా బావులు తవ్వుతున్న మన్ను వడ్డర్లు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగుకు చెందిన యాసే. బోర్లు వచ్చాక వారి పని దాదాపు పడిపోయింది. తర్వాత నగరంలో పది లక్షల ఇంకుడు బావులు తవ్వాలన్న ప్రచారం మొదలయ్యాక మళ్లీ వారికి పిలుపులు వచ్చాయి. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను శుభ్రం చేసిందీ, కొత్తగా ఇంకుడు బావులు తవ్విందీ వీళ్లే.

పని చూడ్డానికి తేలిక, చేయడానికి కాదు. మూడడుగుల వెడల్పు, ఇరవై నుంచి ముప్ఫై అడుగుల లోతు. మనిషి లోపల కూర్చుని పొట్టి గడ్డపారతో తవ్వుతుంటే పైన ఇద్దరు మట్టి చేదుతారు. తర్వాత సిమెంటు ఒరలు ఒకదానిపై ఒకటి దించుతారు. అడుగున సిమెంటు వేయరు, ఒరల మధ్య సందులు పూడ్చరు. నీళ్లు పక్కలకు, కిందికి ఇంకాలి కదా! ఇరవై అడుగుల బావి ఒకసారి నిండితే పట్టేది సుమారు 4 వేల లీటర్లు. ఇంకుతూ ఉంటే ఒకే వానకు ఎన్నిసార్లయినా నిండుతుంది. మేడ నీళ్లు బావిలో పడేముందు ఆకులు, మట్టి ఆగేలా చిన్న వడపోత తొట్టి ఉండాలి. మురుగు గొట్టం, సెప్టిక్ ట్యాంకు దరిదాపుల్లో వద్దు. పునాదికీ బేస్‌మెంటుకీ దూరంగా ఉండాలి. పైన ఇనుప మూత వేసి చుట్టూ మొక్కలు పెడితే బావి ఉందన్న సంగతే తెలియదు.

ల్యాండ్‌స్కేప్ డ్రాయింగుల్లో ఫౌంటెన్ గీసే చోట ఈ బావిని గీస్తే ఖర్చు పెరగదు. చూపు తగ్గుతుందని బిల్డర్లు వెనకాడతారు గానీ, ఫ్లాటు కొన్నవాళ్లు మూడేళ్లు కాపురం చేశాక ఆ ఫౌంటెన్లలో నడుస్తున్నవెన్నో చూస్తే చాలు.

కడియం లారీ వచ్చిందా?

మొక్కల దగ్గరికి వద్దాం. హోసూరు రోడ్డు నర్సరీల్లోనూ, బెంగళూరు నర్సరీల్లోనూ తూర్పు గోదావరి లారీ కనబడని వారం ఉండదు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్లలో పెరిగిన మొక్కలు దాదాపు 800 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికొస్తాయి. పామ్‌లు, ఫైకస్‌లు, మందారాలు, గోరింట కంచెలు, ఆరడుగుల ఎత్తు పెరిగిన చెట్లు... ఏది కావాలంటే అది. యానాం వాసులకు పక్క ఊరి సరుకు, బెంగళూరు వాసులకు ల్యాండ్‌స్కేప్!

మొక్క మంచిదే. కాకపోతే అది పుట్టింది సముద్రమట్టానికి దగ్గరగా, ఉక్కపోతలో, గోదావరి ఒండ్రులో. దిగేది 900 మీటర్ల ఎత్తున ఎర్రమట్టిలో. వేళ్ల చుట్టూ ఉన్న జిగురు మట్టి ముద్దను అలాగే ఎర్రమట్టి గుంతలో పెట్టేస్తే వేళ్లు ఆ ముద్ద దాటి బయటికి రావడానికి మొరాయిస్తాయి. పైన పోసిన నీళ్లు పక్కలకు జారిపోతాయి, లోపల ముద్ద ఎండిపోతుంది. నెల తిరిగేసరికి ఆకు రాలుతుంది. ముద్ద అంచులను చేత్తో కొంచెం సడలించి, గుంతను ముద్దకు రెండింతల వెడల్పు తవ్వి, తవ్విన మట్టిలోనే చివికిన ఎరువు కలిపి పూడ్చితే చాలావరకు బతుకుతాయి. రాగానే నాటకుండా వారం పది రోజులు నీడలో ఉంచితే ఇంకా మంచిది. కాంట్రాక్టరుకు అంత ఓపిక ఉండదు, గృహప్రవేశం ముహూర్తం ఆగదు!

మట్టి సంగతీ ఇలాంటిదే. ఇల్లు కట్టేటప్పుడు మొదటి రోజు జేసీబీ గీకి పారేసేది పై అడుగు మట్టే. ఏళ్ల తరబడి రాగులు పండిన మట్టి అది. దాన్ని లారీలో పంపించేసి, ఖాళీలో సిమెంటు పెచ్చులు, ఇటుక ముక్కలు నింపి, చివర్లో ఇంకో చేను గీకి తెచ్చిన ఎర్రమట్టి కొంటారు. ఆ మొదటి లారీని ఓ మూలన కుప్ప పోయించుకోండి. బేరంలో ఒక్క మాట చెబితే అయ్యే పని.

ఒక్క చెట్టు, మూడు పేర్లు

ఏ చెట్టు పెట్టాలన్నదానికి ఈ సరిహద్దు ఊళ్లలో జవాబు మూడు భాషల్లో దొరుకుతుంది. మన కానుగ కన్నడంలో హొంగె, తమిళంలో పుంగ. మన నేరేడు అక్కడ నేరళె, ఇక్కడ నావల్. పొగడ హోసూరులో మగిళం. మూడు భాషల్లోనూ సొంత పేరుందంటే ఆ చెట్టుకు ఈ ఎండా వానా కొత్త కాదన్నమాట. పార్కుకు, వీధికి ఇవి, వీటితో పాటు వేప. చిన్న సైటుకు మునగ, నిమ్మ, దానిమ్మ, పారిజాతం, నందివర్ధనం చాలు. పడమటి గోడకు నీడనిచ్చే చెట్టు ఒకటుంటే సాయంత్రం గదిలో వేడి తేడా తెలుస్తుంది. రావి, మర్రి ఇంటి పక్కన వద్దు, వాటి చోటు పార్కే. త్వరగా పెరుగుతుందని ఒకప్పుడు ఊరూరా నాటిన కోనోకార్పస్ జోలికి పోవద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

పూల కోసం పరాయి చెట్లు అసలే కూడదనేవాళ్లున్నారు. అది కొంచెం అతి. 1908లో బెంగళూరు వచ్చిన జర్మన్ తోటల నిపుణుడు క్రుంబిగల్, ఒకటి పూత ముగిసేసరికి మరొకటి పూసేలా వీధుల వెంట చెట్లు ఎంచి నాటించాడు. టబెబుయా, జకరండా, గుల్మొహర్ లాంటి పరాయి చెట్లు నగరం రంగుల్లో కలిసిపోయాయి. ఆయన పేరిట లాల్‌బాగ్ పక్కన రోడ్డే ఉంది. అయితే గుల్మొహర్ కొమ్మ పెళుసు. మే నెల గాలివానకు విరిగితే కింద కారుంటే కారు, మనిషుంటే మనిషి. అది విశాలమైన పార్కులో అందం, ఇరుకు వీధిలో ప్రమాదం.

పచ్చిక లేకపోతే పిల్లలెక్కడ ఆడుకోవాలని అడుగుతారు. ఆడుకునే మేరకు ఉంచండి. మెక్సికన్ గ్రాస్ బదులు గరిక వేయండి. వినాయకచవితికి కోసుకొచ్చే గరికే. ఎండలకు పసుపు తిరుగుతుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. ఎండిందని కంగారు పడి ట్యాంకరు పిలిపించకుండా ఉంటే చాలు. అక్కడే చాలా సంఘాలు ఓడిపోతున్నాయి.

మేడ మీద చెట్లా?

పెద్ద అపార్ట్‌మెంట్లలో మరో తిరకాసు. కనిపించే తోట నేల మీదిది కాదు, కింద రెండంతస్తుల పార్కింగ్ పైకప్పు మీదిది. గడ్డికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మట్టి సరిపోతుంది. పొదలకు అడుగున్నర నుంచి రెండడుగులు. చెట్టుకు మూడడుగులకు తక్కువైతే ఎదగదు. తడిసిన మట్టి రెండడుగుల మందం ఉంటే చదరపు మీటరుకు సుమారు టన్ను బరువు. స్లాబు ఆ బరువుకు కట్టిందా లేదా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు కాగితం మీద రాసివ్వాలి, తోటమాలి కాదు. తర్వాత ముచ్చటపడి మట్టి పోయించుకున్న చోట్లే కింద కార్ల మీద నీళ్లు కారేది. ఇక్కడ నీళ్లకు శుద్ధి ప్లాంటు నీళ్లే దిక్కు. వాటిలో లవణాలు ఎక్కువైతే ఆకుల అంచులు మాడతాయి కాబట్టి ఏటా పరీక్ష చేయించాలి.

పార్కుల్లో మాత్రం అందరికీ హక్కుంది. బెంగళూరు అభివృద్ధి ప్రాధికార లేఅవుట్లలో కనీసం 15 శాతం స్థలం పార్కులకు, ఆటస్థలాలకు వదలాలని చట్టం. వదిలిన స్థలంలో సగం టైల్స్ దారి, జిమ్ పరికరాలు, సిమెంటు దిమ్మెలు నింపేస్తే వాన ఇంకేది ఎక్కడ? చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించింది. అదే మాట ఇక్కడి వార్డు ఇంజినీరునూ అడగొచ్చు. నడక దారిని రెండంగుళాలు ఎత్తులో, చెట్ల పాదులను పల్లంలో పెడితే ప్రతి చినుకూ పాదుకే పోతుంది. చాలా పార్కుల్లో ఇది తలకిందులుగా ఉంది. పాదు గట్టు మీద, దారి గుంతలో, వానొస్తే నడిచేవాళ్లకు బురద.

ఇంకో మాట. సైటులో ముందే పెద్ద చెట్టు ఉంటే దాన్ని వదిలి ఇల్లు గీయించుకోవడం మేలు. కొట్టాలంటే 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి, సొంత సైటైనా సరే.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలంటారా? ఈ ప్రాంతంలో వాన మే నెలలో ఒకసారి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మరోసారి జోరుగా పడుతుంది. బావి తవ్వకం, వాలు సరిచేయడం ఏప్రిల్‌లోపు ముగించాలి. మే వానలకు నీళ్లు ఎటు పోతున్నాయో గొడుగేసుకుని నిలబడి చూడాలి. ఆ తర్వాతే, జూన్ జూలైల్లో మొక్కలు నాటాలి. పాదులో ఎండుటాకులు మందంగా పరచాలి. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు లోతుగా నీళ్లు పెట్టి, మూడో వేసవి నుంచి తగ్గించుకుంటూ రావచ్చు.